కంటి వెనకాల కణాలు: థైరాయిడ్ కంటి జబ్బుతో నా అనుభవం

థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధి బయటపడిన తొలి నెలల్లో నా ధ్యాసంతా గుండెదడ మీద, చేతుల వణుకు మీద, కడుపునిండా తింటున్నా తగ్గిపోతున్న బరువు మీద ఉండేది. గ్రంథి జోరు తగ్గించే కార్బిమజోల్ మాత్రలు మొదలుపెట్టాక థైరాయిడ్ హార్మోన్లు టీ3, టీ4 క్రమంగా దిగివచ్చాయి; దడ తగ్గింది, నిద్ర పట్టింది, మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. సరిగ్గా ఆ సమయంలోనే కళ్ళు మొరాయించాయి. పొద్దున లేచేసరికి పైరెప్పలు ఉబ్బి ఉండేవి, తెల్లగుడ్డు ముక్కు వైపు జేవురించి ఉండేది, కంటి వెనకాల ఒక మొండి నొప్పి రోజంతా వదిలేది కాదు. "థైరాయిడ్ కంట్రోల్‌లోకి వచ్చిందిగా, మరి ఈ కళ్ళేమిటి?" అని మా అత్తయ్య అడిగారు. ల్యాబ్‌లో తోటివాళ్ళూ అదే అడిగారు. ఆ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు, ఆ జవాబును బట్టి నా చికిత్స నడిచిన తీరు ఇక్కడ రాస్తున్నాను.

నేను నారాయణగూడలోని ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో, హెమటాలజీ విభాగంలో టెక్నీషియన్‌ని. యంత్రం అనుమానంగా చూపించిన రక్త నమూనాలను స్లైడు మీద పరిచి, లీష్మన్ రంగు వేసి, మైక్రోస్కోప్ కింద తెల్లకణాలను వందదాకా లెక్కపెట్టడం నా దినచర్య. న్యూట్రోఫిల్, లింఫోసైట్, మోనోసైట్, ఇయోసినోఫిల్ అంటూ వేళ్ళు కౌంటర్ మీద వాటంతటవే నడుస్తాయి. కనుక ఇది రోగనిరోధక కణాల వల్ల వచ్చిన జబ్బు అని డాక్టరు గారు చెప్పగానే మొదట చేసిన పని నా రక్తపు స్లైడు నేనే చూసుకోవడం. అందులో ఏమీ లేదు. లింఫోసైట్లు ఉండవలసినన్ని ఉన్నాయి, ఆకారం మామూలుగానే ఉంది, ఒంట్లో వాపు, మంట ఉంటే పెరిగే ఈఎస్‌ఆర్ కూడా చెప్పుకోదగ్గంత పెరగలేదు. అద్దంలో కళ్ళు అంతగా మండిపోతుంటే రక్తం అంత ప్రశాంతంగా ఎలా ఉందన్నది నాకు అంతుపట్టలేదు.

మొదట చూపించిన చోట దీన్ని ఎలర్జీ కలక అనుకుని చుక్కల మందు రాసి పంపారు. కొన్ని వారాలు అలా గడిచాయి. తర్వాత మా ఎండోక్రైనాలజిస్టు నా ముఖం చూసీ చూడగానే, "ఇది కలక కాదమ్మా, కళ్ళ డాక్టర్లలో రెప్పలు, కంటి గూడు చూసే ఆక్యులోప్లాస్టీ వారికి చూపించండి" అని బంజారాహిల్స్‌లోని ఒక కంటి ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చారు.

అక్కడి పరీక్ష నేను ఊహించినదానికంటే సుదీర్ఘంగా సాగింది. హెర్టెల్ ఎక్సాఫ్తాల్మోమీటర్ అనే పనిముట్టును రెండు కణతల వైపు ఎముక అంచుల మీద ఆనించి, అందులోని చిన్న అద్దాల్లో కనుగుడ్డు ఎంత ముందుకు వచ్చిందో మిల్లీమీటర్లలో చదివారు. కుడివైపు 22, ఎడమవైపు 20 వచ్చింది. తల కదపకుండా వేలిని అనుసరించి పైకి, కిందికి, పక్కలకు చూడమన్నారు; పైకి చూడబోతే కుడికన్ను మధ్యలోనే ఆగిపోయింది, వేలు ఒకదాని మీద ఒకటిగా రెండు కనిపించాయి. రంగు చుక్కల్లో అంకెలు దాగి ఉండే ఇషిహారా పుస్తకం చూపించి ఒక్కొక్క కంటితో చదివించారు. ఉబ్బిన కండరాలు కంటి నరాన్ని నొక్కితే చూపు తగ్గడానికి ముందే రంగులు వెలిసిపోతాయట. ఈ జబ్బున్న నూరుమందిలో సుమారు ఐదుగురికి ఆ ప్రమాదం ఉంటుందని, అదృష్టవశాత్తూ నాకు ఇంకా ఆ జాడ లేదని చెప్పారు.

ఆ తర్వాత ఒక కాగితం మీద ఏడు గడులకు ఎదురుగా టిక్కులు పెట్టారు. కదలకుండా ఉన్నప్పుడు కంటి వెనక నొప్పి, చూపు తిప్పినప్పుడు నొప్పి, రెప్పల ఎరుపు, తెల్లగుడ్డు ఎరుపు, రెప్పల వాపు, తెల్లగుడ్డు పైపొర నీరుపట్టడం, ముక్కు వైపు కంటి మూలలోని కండ వాపు. ఒక్కొక్కదానికి ఒక మార్కు. మూడు గాని అంతకు మించి గాని వస్తే జబ్బు చురుగ్గా ఉన్నట్టు లెక్క. నాకు ఐదు వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 1989లో ప్రతిపాదించిన ఈ లెక్కనే నేటికీ వాడుతున్నారు. లక్షలు విలువచేసే యంత్రాల మధ్య పనిచేసే నాకు, ఇంత కీలకమైన నిర్ణయం కళ్ళతో చూసి, రోగిని అడిగి వేసే ఏడు టిక్కుల మీద ఆధారపడడం మొదట వింతగా తోచింది. ఇప్పుడు అలా తోచదు. ఆ ఏడు గడులు అడిగేది ఒక్కటే విషయం: కంటి వెనక రోగనిరోధక కణాలు ఈ క్షణాన పనిలో ఉన్నాయా, లేక పని ముగించుకుని వెళ్ళిపోయాయా?

కంటి డాక్టరు గారు నా ఉద్యోగం తెలిసిన మీదట జబ్బు సంగతి విడమరిచి చెప్పారు. మిగిలినది నేను చదివి, మా ల్యాబ్‌లో హిస్టోపాథాలజీ, అంటే కణజాలపు తునకల పరీక్ష, చూసే మేడమ్‌ను అడిగి తెలుసుకున్నాను. థైరాయిడ్‌ను పనిచేయమని మెదడు కింది పిట్యుటరీ గ్రంథి పంపే హార్మోను టీఎస్‌హెచ్. గ్రేవ్స్ వ్యాధిలో లింఫోసైట్లలో ఒక రకమైన బీ కణాల నుంచి పుట్టే యాంటీబాడీలు థైరాయిడ్ కణాల మీద ఆ టీఎస్‌హెచ్‌ను అందుకోవడానికి ఉన్న రిసెప్టర్‌ను పట్టుకుని, పిట్యుటరీ ఆజ్ఞ లేకుండానే గ్రంథిని పరుగులు పెట్టిస్తాయి. డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ 1835లో, జర్మనీలో కార్ల్ ఫాన్ బాసెడో 1840లో ఈ జబ్బును వర్ణించారు. ఉబ్బిన గొంతు, దడ, ముందుకు పొడుచుకొచ్చిన కళ్ళు మూడూ బాసెడో వర్ణనలో ఉన్నాయి. అయితే గ్రంథిని రెచ్చగొట్టే పదార్థం రోగి రక్తంలోనే ఉందన్నది న్యూజిలాండ్ పరిశోధకులు ఆడమ్స్, పర్వ్స్ 1956లో చూపించేదాకా తెలియదు. అది యాంటీబాడీ అని తర్వాతి కాలంలో రూఢి అయింది.

కంటితో దీనికి సంబంధం ఏమిటంటే, కనుగుడ్డు వెనక ఎముకల గూటిలో కణజాలానికి ఊతమిచ్చే ఫైబ్రోబ్లాస్టు కణాల మీద కూడా ఆ టీఎస్‌హెచ్ రిసెప్టర్ ఉంటుంది. దాని పక్కనే ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల పదార్థానికి చెందిన రిసెప్టర్ కూడా ఉండి, రెండూ కలిసికట్టుగా పనిచేస్తాయి. లింఫోసైట్లలో మరో రకమైన సహాయక టీ కణాలు థైరాయిడ్ మీద తిరగబడి అక్కడికి చేరినప్పుడు వాటి ఒంటిమీదున్న సిడి40 లైగాండ్ అనే ప్రొటీన్, ఫైబ్రోబ్లాస్టు మీద దానికి జతగా ఉన్న సిడి40ని తాకుతుంది. ఆ స్పర్శతో ఫైబ్రోబ్లాస్టు స్వభావమే మారిపోతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సందేశ పదార్థాలను విడుదల చేసి మరిన్ని లింఫోసైట్లను, క్రిములను మింగే మాక్రోఫేజు కణాలను పిలుచుకుంటుంది. ఆ ఇంటర్‌ల్యూకిన్-6 బీ కణాలను ప్రోత్సహిస్తుంది. వచ్చిన కణాలు మళ్ళీ ఫైబ్రోబ్లాస్టులను రెచ్చగొడతాయి. ఎముక మజ్జలో పుట్టి రక్తంలో తిరిగే ఫైబ్రోసైట్లు అనే మరో జాతి కణాలు కూడా వచ్చి ఈ గూటిలో చేరతాయి. ఒకసారి రాజుకున్నాక దీన్ని నడిపేది థైరాయిడ్ హార్మోను కాదు. అందుకే నా టీ3, టీ4 సరైనా కళ్ళు ఆగలేదు. అత్తయ్యకు ఇదే చెప్పాను, కాస్త తేలిక మాటల్లో.

రెచ్చిపోయిన ఫైబ్రోబ్లాస్టులు చేసే పని రెండు రకాలు. ఒకటి, హయలురోనిక్ ఆమ్లాన్ని విపరీతంగా తయారుచేయడం. అది సబ్జా గింజల్లా తన చుట్టూ నీటిని పట్టుకుని ఉబ్బుతుంది. రెండోది, వాటిలో కొన్ని కొవ్వు కణాలుగా, మరికొన్ని మచ్చకట్టే కణాలుగా మారిపోవడం. థై-1 అనే గుర్తు ఉన్న ఫైబ్రోబ్లాస్టులు మచ్చ వైపు, అది లేనివి కొవ్వు వైపు మొగ్గుతాయట. చుట్టూ ఎముక, ముందు మాత్రమే ఖాళీ. వెనక కండరాలూ కొవ్వూ పెరిగితే కనుగుడ్డుకు ముందుకు రావడం తప్ప మరో దారి లేదు.

మా హిస్టోపాథాలజీ మేడమ్ దగ్గర ఉన్న ఒక బోధన స్లైడును బతిమాలి చూశాను. ఈ జబ్బు సోకిన కంటి కండరపు తునక అది. కండరం నాశనమై ఉంటుందనుకుని కన్ను ఆనించాను. గులాబీరంగు కండర తంతువులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి మధ్య జాగాలు మాత్రం వెడల్పుగా విచ్చుకుని ఉన్నాయి. ఆ జాగాల్లో నేను రోజూ రక్తంలో చూసే లింఫోసైట్లే, ముదురు ఊదారంగు గుండ్రని కేంద్రకాలతో, చిన్న రక్తనాళాల చుట్టూ గుమికూడి ఉన్నాయి. అదే తునకను ఆల్షియన్ బ్లూతో రంగువేసిన రెండో స్లైడులో ఆ జాగాలన్నీ లేతనీలంగా నిండిపోయాయి. ఆ నీలం హయలురోనిక్ ఆమ్లం వంటి పదార్థాలది. మూడో దానిపై టీ కణాలను పట్టే సిడి3 రంగు, నాలుగో దానిపై బీ కణాలను పట్టే సిడి20 రంగు వేసి ఉన్నాయి. సిడి3 స్లైడులో గోధుమరంగు చుక్కలు స్పష్టంగా ఎక్కువ. నా రక్తపు స్లైడులో ఏమీ కనిపించకపోవడానికి కారణం అప్పుడు అర్థమైంది: తగవు జరుగుతున్న చోటు ఇది, నేను వెతికింది దారిలో వెళ్ళేవారిని. రక్తంలో దొరికే ఆనవాలు టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ ఒక్కటే. మా ల్యాబ్ పద్ధతిలో 1.75 దాటితే ఎక్కువ అంటారు. నాది 14 దాటింది.

సీటీ స్కాన్ కూడా స్లైడు చెప్పిన కథనే చెప్పింది. కనుగుడ్డును కిందికి లాగే కింది కండరం, ముక్కు వైపు లాగే లోపలి కండరం లావెక్కాయి. ఈ జబ్బులో ఎక్కువగా దెబ్బతినే వరస అదే. కండరపు పొట్ట మాత్రమే ఉబ్బి, కనుగుడ్డుకు అతుక్కునే కొస సన్నగానే ఉండడం దీని గుర్తు అని రేడియాలజిస్టు తెర మీద చూపించారు. కింది కండరం బిగుసుకుంటే కన్ను పైకి లేవదు. తార్నాక కూడలిలో ఎత్తున ఉన్న దిశల బోర్డు చూడబోతే అక్షరాల మీద అక్షరాలు పడేవి. గడ్డం పైకెత్తి తల వెనక్కి వాల్చి చూస్తే ఒక్కటిగా కనిపించేది. ల్యాబ్‌లో రెండు కళ్ళ మైక్రోస్కోప్ పనికిరాకుండా పోయింది. ఎడమ ఐపీస్ ఒక్కదానితోనే కౌంట్ చేయడం అలవాటు చేసుకున్నాను. సాయంత్రానికి మెడ పట్టేసేది.

చికిత్స ఇప్పుడే ఎందుకు మొదలుపెట్టాలన్న దానికి డాక్టరు గారు తెల్లకాగితం మీద ఒక గీత గీశారు. నిటారుగా ఎక్కి, శిఖరం చేరి, కొద్దిగా మాత్రమే దిగి, అక్కడి నుంచి చదునుగా సాగిపోయే గీత. ఫ్రాన్సిస్ రండిల్ 1945లో ప్రచురించిన పరిశీలనల నుంచి వచ్చిన రేఖ అది. గీత ఎక్కే భాగంలో కణాలు పనిలో ఉంటాయి. అది మామూలుగా ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు ఉంటుంది. తర్వాత మందు వేయకపోయినా కణాలు వెళ్ళిపోతాయి, కానీ అవి కట్టించిన మచ్చ, పెంచిన కొవ్వు ఉండిపోతాయి. గీత మళ్ళీ మొదటి మట్టానికి రాదు. "కణాలు ఉన్నంతకాలమే మందు పనిచేస్తుందమ్మా. అవి వెళ్ళిపోయాక మిగిలినదానికి కత్తే" అన్నారావిడ. ఈ జబ్బు గురించి నేను విన్న మాటల్లో ఇంతకంటే పనికొచ్చినది లేదు.

యూరోపియన్ నిపుణుల బృందం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నాకు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ నరం ద్వారా వారానికోసారి ఇవ్వాలని నిర్ణయించారు: మొదటి ఆరు వారాలు అర గ్రాము చొప్పున, తర్వాతి ఆరు వారాలు పావు గ్రాము చొప్పున, మొత్తం నాలుగున్నర గ్రాములు. దానితోపాటు మైకోఫినోలేట్ మాత్రలు. మన ఒంట్లోని చాలా కణాలు డీఎన్‌ఏ తయారీకి కావలసిన ప్యూరిన్లను పాతవాటి నుంచి తిరిగి వాడుకోగలవు. లింఫోసైట్లు మాత్రం విభజన చెందాలంటే కొత్తగా తయారుచేసుకోవడం మీదే ఎక్కువగా ఆధారపడతాయి. మైకోఫినోలేట్ ఆ తయారీ దారిని మూస్తుంది. అది పడకపోతే మెథోట్రెక్సేట్ ఉందని కూడా చెప్పారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మందు అది. క్యాన్సర్ కోసం పుట్టి, ఇవాళ కీళ్ళవాతానికీ, కొన్నిచోట్ల ఈ కంటి జబ్బుకూ వాడుతున్నారంటే, ల్యాబ్ మనిషిగా నాకు కాస్త గర్వంగానే అనిపించింది. నాకు దాని అవసరం పడలేదు.

స్టెరాయిడ్ ఎక్కించడానికి ముందు చేయించిన పరీక్షల జాబితా పెద్దదే: కాలేయ పరీక్షలు, హెపటైటిస్ బి, షుగరు, బీపీ, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, క్షయ కోసం ఇంటర్‌ఫెరాన్-గామా రక్త పరీక్ష. చివరి దాని దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఒంట్లో నిద్రపోతున్న క్షయ క్రిములను చుట్టుముట్టి కదలకుండా ఉంచేవి కూడా టీ కణాలు, మాక్రోఫేజులే. స్టెరాయిడ్‌తో వాటిని అణచివేస్తే ఆ కాపలా సడలుతుంది. మన దేశంలో ఇది ఊరికే అనుకునే ముచ్చట కాదు. ఆ పరీక్షలో క్షయ క్రిమి ప్రొటీన్లను చూపించినప్పుడు మన టీ కణాలు ఎంత ఇంటర్‌ఫెరాన్-గామా విడుదల చేస్తాయో కొలుస్తారు. జబ్బు తొలిదశలో నా కంటి వెనకాల టీ కణాలు కుమ్మరించే పదార్థాల్లో అదే ఇంటర్‌ఫెరాన్-గామా ఒకటి. అక్కడ నన్ను కాపాడుతున్నదీ ఇక్కడ నన్ను బాధిస్తున్నదీ ఒకే పదార్థం కావడం చూసి, మందును ఎందుకంత జాగ్రత్తగా ఇస్తారో బాగా అర్థమైంది. పరీక్ష నెగెటివ్ వచ్చింది.

ఎక్కించుకునే రోజు కార్యక్రమం విసుగు తప్ప కష్టం కాదు. ఇన్సూరెన్సు కాగితాలకు డే కేర్ అడ్మిషన్, చేతికి కాన్యులా, సెలైన్ సీసాలో కలిపిన మందు నిదానంగా చుక్కలు చుక్కలుగా ఎక్కడం. మందు మొదలైన కాసేపటికి నోట్లో ఇనుపరుచి, చెంపలు వేడెక్కడం. ఆ రాత్రి నిద్ర పట్టదు. అర్ధరాత్రి వంటింటి గూళ్ళు సర్దిన సందర్భాలున్నాయి. షుగరు ఆ రోజూ మర్నాడూ పెరిగి దిగేది, ఇంట్లో గ్లూకోమీటర్‌తో రాసుకునేదాన్ని. ప్రతి విడతకూ ముందు కాలేయ పరీక్ష తప్పనిసరి. స్టెరాయిడ్ మొత్తం ఎనిమిది గ్రాములు దాటకూడదన్న నియమం వెనక కాలేయం దెబ్బతిన్న రోగుల చేదు అనుభవాలున్నాయి.

మొదటి విడత రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళే దారిలో ల్యాబ్ దగ్గర దిగి, మా జూనియర్ అమ్మాయితో ఒక నమూనా తీయించుకున్నాను. "అక్కా, ఇవాళ సెలవు కదా, ఇంటికెళ్ళి పడుకోవచ్చు కదా" అంటూనే తీసింది. స్లైడు ఆరేదాకా ఆగలేకపోయాను. మునుపు నూటికి ముప్ఫైకి పైగా ఉన్న లింఫోసైట్లు ఎనిమిదికి పడిపోయాయి. ఇయోసినోఫిల్ ఒక్కటీ లేదు. ఎటు చూసినా న్యూట్రోఫిల్సే. తెల్లకణాల మొత్తం కూడా పెరిగింది. ఇలాంటి కౌంట్లు స్టెరాయిడ్ మీదున్న రోగులవి ఎన్నో చూశాను, రిపోర్టు రాశాను. కానీ కుర్చీకి ఈ పక్కన కూర్చుని చూడడం వేరు. లింఫోసైట్లన్నీ చచ్చిపోయాయని దాని అర్థం కాదు; చాలావరకు రక్తం వదిలి ఎముక మజ్జలోకి, లింఫు కణుపుల్లోకి తప్పుకుంటాయి. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ ఊడి ప్రవాహంలోకి వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో కౌంటు మామూలు అయిపోయింది. కంటి వెనక జరిగే మార్పు అంత వేగంగా రాదు, అంత వేగంగా పోదు కూడా. అక్కడ స్టెరాయిడ్ చేసే అసలు పని టీ కణాలు, మాక్రోఫేజులు సందేశ పదార్థాలను తయారుచేయకుండా వాటి జన్యువుల స్థాయిలోనే అడ్డుకోవడం.

మధ్యలో ఒకసారి జ్వరం, గొంతునొప్పి వచ్చాయి. కార్బిమజోల్ వాడేవారికి ఇది సామాన్యమైన జలుబు అని తోసిపారేయదగ్గది కాదు. ఆ మందు అరుదుగా న్యూట్రోఫిల్స్‌ను దాదాపు పూర్తిగా తుడిచిపెట్టగలదు. అప్పుడు మామూలు గొంతు ఇన్ఫెక్షనే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర ఆపి వెంటనే కౌంట్ చేయించాను. న్యూట్రోఫిల్స్ పుష్కలంగా ఉన్నాయి, మాత్ర మళ్ళీ మొదలైంది. కార్బిమజోల్ వాడుతున్న ప్రతివారూ ఈ ఒక్క జాగ్రత్త గోడమీద రాసిపెట్టుకున్నా తప్పులేదని నా అభిప్రాయం.

నాలుగైదు విడతలయ్యేసరికి ఏం తగ్గింది, ఏం తగ్గలేదు అన్నది స్పష్టంగా విడిపోయింది. వెనక నొప్పి పూర్తిగా పోయింది. ఎరుపు పోయింది. రెప్పల వాపు సగానికి పైగా దిగింది. ఏడు గడుల కాగితంలో ఒకే ఒక్క టిక్కు మిగిలింది. కానీ హెర్టెల్ కొలత ఒక మిల్లీమీటరే తగ్గింది. పైకి చూసినప్పుడు రెండుగా కనిపించడం కొంత తగ్గినా పోలేదు. ఇంట్లోవాళ్ళు నిరాశపడ్డారు. నేను అంతగా పడలేదు, ఎందుకంటే స్లైడు నా మనసులో ఉంది. ఊదారంగు కణాలూ వాటి మూలంగా చేరిన నీరూ స్టెరాయిడ్ మాట వింటాయి. కొవ్వుగా మారిపోయిన ఫైబ్రోబ్లాస్టు వెనక్కి రాదు, కండరం మధ్య అల్లుకుపోయిన మచ్చ కరగదు. కలక మందుతో గడిచిన తొలి వారాల్లో ఆ అల్లిక ఎంత సాగిందో ఎవరూ చెప్పలేరు.

మరింత సూటిగా గురిపెట్టే మందుల గురించి కూడా అడిగాను. ఐజీఎఫ్-1 రిసెప్టర్‌ను మూసే టెప్రొటుముమాబ్‌ను అమెరికా ప్రభుత్వం 2020 జనవరిలో ఈ జబ్బుకు అనుమతించింది. మొదట క్యాన్సర్ కోసం తయారైన ఆ యాంటీబాడీని మూడు వారాలకొకటి చొప్పున ఎనిమిదిసార్లు ఎక్కిస్తారు. కళ్ళు ముందుకు రావడాన్ని కూడా తగ్గించడం దాని ప్రత్యేకత, వినికిడి దెబ్బతినడం, షుగరు పెరగడం దాని బెడద. నాకు అంతదాకా వెళ్ళవలసిన అవసరం లేదన్నారు. బీ కణాల సిడి20ని పట్టే రిటుక్సిమాబ్ మీద ఇటలీలో ఒకటి, అమెరికాలో ఒకటి జరిగిన పరీక్షలు 2015లో వెలువడ్డాయి. ఒకదాని ఫలితం రెండోదానికి పొసగలేదు. యాంటీబాడీలను ఎడతెగకుండా కురిపించే ప్లాస్మా కణాల మీద సిడి20 ఉండదన్న సంగతి తెలిసినవాళ్ళకు ఆ మందు అన్నివేళలా పనిచేయకపోవడం పెద్ద ఆశ్చర్యం కాదు. ఇంటర్‌ల్యూకిన్-6 దారిని మూసే టొసిలిజుమాబ్ స్టెరాయిడ్‌కు లొంగని వారికి వాడుతున్నారు.

బంధువుల సలహాల్లో రెండింటికి మాత్రం డాక్టరు గారి దగ్గర సమాధానం తీసుకున్నాను. రేడియో అయొడిన్‌తో గ్రంథిని తీసేయిస్తే గొడవ వదిలిపోతుంది కదా అని మా పెద్దనాన్న గారు అన్నారు. కంటి జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు అది నిప్పులో నెయ్యే. దెబ్బతిన్న గ్రంథి నుంచి ప్రొటీన్లు చిమ్మి, యాంటీబాడీలు కొన్ని నెలలపాటు మరింత పెరుగుతాయి. సెలీనియం మాత్రల గురించి మా చెల్లెలు పంపిన సందేశంలో నిజం కొంత ఉంది: యూరప్‌లో జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో ఆరు నెలలు వాడిన తేలికపాటి రోగులకు మేలు జరిగింది. నాది తేలికపాటిది కాదు. పొగ సంగతి వేరు. ఈ కంటి జబ్బును ఉద్ధృతం చేసే వాటిలో మన చేతుల్లో ఉన్న ముఖ్యమైనది అదే అని చెప్పవచ్చు, పైగా పొగతాగేవారిలో స్టెరాయిడ్ కూడా సరిగా పనిచేయదు. నేను తాగను, మా మరిది బాల్కనీలో తాగేవాడు. ఇప్పుడు గేటు బయటికి వెళ్ళి తాగుతున్నాడు.

ఇంటి జాగ్రత్తల్లో నాకు ఎక్కువ ఊరటనిచ్చినవి రాత్రివే. రెప్ప పూర్తిగా మూసుకోక నల్లగుడ్డు అంచు రాత్రంతా గాలికి ఆరిపోయేది. మా అమ్మాయి ఒకరోజు భయపడి, "అమ్మా, కళ్ళు తెరిచే నిద్రపోతున్నావు" అని లేపింది. మంచం ఫ్యాను కిందనుంచి జరిపి, పడుకునే ముందు ఆయింట్‌మెంట్ పెట్టి, రెప్పకు సన్నని టేపు అంటించుకున్నాను. తల కింద రెండు దిండ్లు పెడితే పొద్దుటి వాపు తగ్గింది. హైదరాబాదు ఎండాకాలంలో పగలు కూలర్ ఎదుట కూర్చోవడం మానేసి, కన్నీటి చుక్కలు గంట గంటకూ వేసుకున్నాను.

ప్రస్తుతం ఏడు గడులూ ఖాళీగా ఉన్నాయి. యాంటీబాడీ 14 నుంచి 4కి దిగింది, ఇంకా సున్నా కాలేదు గనుక కార్బిమజోల్ సాగుతోంది. కళ్ళద్దాలకు తాత్కాలికంగా అతికించిన ప్రిజమ్ పొరతో నేరుగా చూసినప్పుడు ఒకటిగానే కనిపిస్తోంది, రెండు కళ్ళ మైక్రోస్కోప్ మళ్ళీ వాడగలుగుతున్నాను. శస్త్రచికిత్సల వరస మారదు: ఎముక గూటిని వెడల్పు చేయడం, తర్వాత మెల్లకన్ను సరిచేయడం, చివర రెప్పలు, ఎందుకంటే ముందుదాని వల్ల తర్వాతిదాని కొలత మారుతుంది. నా కంటి నరానికి ఒత్తిడి లేదు గనుక మొదటిది వద్దనుకున్నాం. కింది కండరాన్ని వదులుచేసే శస్త్రచికిత్సకు మాత్రం ఒప్పుకున్నాను. కణాలు నిజంగా వెళ్ళిపోయాయని రుజువయ్యేదాకా, అంటే కనీసం ఆరు నెలలపాటు కొలతలు కదలకుండా ఉండేదాకా, దాన్ని చేయరు. చేసిన తర్వాత మళ్ళీ చురుకెక్కితే చేసినదంతా వృథా. పోయినసారి కొలతలు అంతకుముందు వాటితో సరిపోయాయి. వచ్చేసారి కూడా సరిపోతే తేదీ ఇస్తామన్నారు.